మడమ కింద అరచెయ్యి

పోయిన వారం కథ డాక్టర్ మమతారాణి గది గుమ్మంలో ఆగింది. ఆ గుమ్మం దాటడానికి నాకు వారం పట్టిందన్నా నేను కాదనను.

మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను. మా బాపు ముత్తయ్య మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుడు. ఇరవై ఎనిమిదేండ్ల సర్వీసు. ఎనిమిది నెలల కింద బాయిలో కాలు జారి పడ్డాడు. మోకాలు వాచింది. వాపు వారంలో తీసింది గానీ, కుడికాలు మళ్లీ లేవలేదు. స్కానింగులు తీశారు, నరాలకు కరెంటు పెట్టి చూశారు. అన్నీ బాగున్నాయన్నారు. అన్నీ బాగున్న ఆ కాలును బాపు ఇల్లంతా ఈడ్చుకుంటూ తిరుగుతున్నాడు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బాయి కార్మికుడు ఇక ఏ పనికీ పనికిరాడని మెడికల్ బోర్డు రాస్తే, దాన్ని అన్‌ఫిట్ అంటాం, ఆ ఇంట్లో ఒకరికి నౌకరి వస్తుంది. మా ఇంట్లో ఆ ఒకరు నేనే, సృజనను. ఇరవై ఆరేండ్లు, ఎమ్మెస్సీ, ఖాళీ. అందుకని మా కాలనీలో ఎవరికి కాలు పడిపోయినా, చెయ్యి పడిపోయినా, అయ్యో అనేకంటే ముందు ఒక అనుమానం పుడుతుంది. పిల్లల కోసం యాక్టింగ్ చేస్తున్నాడని. బాపు మీద కూడా ఆ మాట పుట్టింది. దాన్ని పుట్టించింది దేవదాస్ కాక అని బాపు నమ్మాడు. కాక బాపుకు ఇరవై రెండేండ్ల జోడీ, ఒకే షిఫ్టు, ఒకే టిఫిన్ డబ్బా. అట్లాంటి మనిషిని చాయ్ హోటల్ ముందర నలుగురిలో నిలబెట్టి, "నా గడప తొక్కకు" అన్నాడు బాపు. కాక తువ్వాల దులుపుకొని, ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయాడు.

మెడికల్ బోర్డు వచ్చే మంగళవారం. ఈ కథలో ఇవాళ శనివారం. నా ఫోన్‌లో ముప్ఫై ఎనిమిది సెకన్ల వీడియో ఒకటి ఉంది. అందులో బాపు మధ్యాహ్నం మంచం మీద గురకపెట్టి నిద్రపోతుంటాడు. పడిపోయిందనుకున్న కుడికాలు మెల్లగా ముడుచుకుని, మడమతో ఎడమ పిక్కను గోక్కుని, మళ్లీ చాపుకుంటుంది. దాన్ని గుమ్మం దగ్గర డాక్టర్‌కు చాటుగా చూపించాను. ఆమె రెండుసార్లు చూసింది. "ఇది మీ బాపు ముందటనే చూద్దాం, లోపలికి రా" అంది. అక్కడ ఆగాం.

లోపలికి వెళ్లాను.

బాపు పరీక్ష బల్ల మీద పడుకుని ఉన్నాడు. అవ్వ, అంటే మా అమ్మ, మూలన స్టూలు అంచున కూర్చుంది. కొంగు ఇంకా నెత్తి మీదే ఉంది. కింద రోడ్డు మీద ఆటోను రెండు దుకాణాల అవతలే ఆపించి, కొంగు కప్పుకుని గోడ పక్కనుంచి మెట్లెక్కింది మా అవ్వ బాలవ్వ. మెట్ల మొదట్లో ఉన్న బోర్డు మీద 'మానసిక వైద్యులు' అని ఉంటుంది. అవ్వకు చదువు రాదు గానీ, ఆ బోర్డు మీద ఏముందో ఆమెకు తెలుసు. అయిదు నెలల కింద నాతోనే చదివించుకుంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను, రాక తప్పదు.

"సృజనా, ఇటు రా. నీ కుడి అరచెయ్యి మీ బాపు కుడి మడమ కింద పెట్టు" అంది డాక్టర్.

పెట్టాను. మడమ చల్లగా, పగుళ్లతో గరుకుగా ఉంది. ఆ పాదాన్ని నేను ఎనిమిది నెలలుగా చూస్తున్నాను గానీ ముట్టుకోలేదు. నూనె రాసేది అవ్వే.

"ముత్తన్నా, బిడ్డ చెయ్యిని మడమతోటి కిందికి ఒత్తు. ఎంత జోరుంటె అంత."

బాపు పండ్లు బిగించాడు. మెడ నరాలు తేలాయి. నుదుటి మీద చెమట పట్టింది. నా అరచేతి మీద మాత్రం ఏమీ పడలేదు. ఎండిన కట్టె ఒకటి పెట్టినట్టు మడమ అలాగే ఉంది.

"అయితలేదు మేడం."

"సరె. ఇగ గా కాలు సంగతి ఇడిసిపెట్టు. మంచి కాలు పైకి లేపు. నేను అడ్డం పడ్త, లేపు నువ్వు." డాక్టర్ బాపు ఎడమకాలు మీద రెండు చేతులూ ఆనించి అదిమింది.

బాపు ఎడమకాలు లేపాడు. ఆ క్షణంలోనే కుడి మడమ నా అరచేతిని బల్లకేసి తొక్కింది. వేళ్లు నొప్పి పెట్టేంత బలంగా తొక్కింది.

దొరికిండు అనుకున్నాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, నా మనసులో మొట్టమొదట వచ్చిన మాట అదే. కన్నతండ్రి కాలు నా చెయ్యి మీద ఎనిమిది నెలల తర్వాత కదిలితే, దొంగను పట్టుకున్న జవానులాగ సంతోషపడ్డాను.

డాక్టర్ నా మొహమే చూస్తోంది. "ఏమనుకున్నవో నాకు ఎర్కనే. అందరు గదే అనుకుంటరు. ఇంకోపారి పెట్టు చెయ్యి."

మళ్లీ చేశాం. మూడోసారీ చేశాం. అడిగితే రాని బలం, అడగనప్పుడు వచ్చింది.

"కావాలని చేసేటోళ్లది గిట్ల రాదు సృజనా. ఆ మనిషి ఏం తెలిసి చేస్తడు, ఏం తెలవక చేస్తడు అనేది గీ మడమ చెప్తది. కాలుల బలముంది. నరం ఉంది. లేపాలె అని మీ బాపు అనుకున్నప్పుడు ఆ అనుకున్నది కాలుదాక పోతలేదు. నిద్రల, పరాకుల పోతది. నీ వీడియోల ఉన్నది గదే. నువ్వు తెచ్చింది జబ్బుకు రుజువు, దొంగతనానికి కాదు."

బాపు మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. వీడియో అనే మాట ఆయనకు అప్పుడే వినపడింది. కానీ ముందు ఆయన అడిగింది వేరే.

"మేడం, బాయిల బొగ్గు డబ్బాలను మీదికి గుంజే హాలేజి ఉంటది. తాడు మంచిగుంది, ఇంజన్ మంచిగుంది. కింద నేను గంట కొడ్తున్న, మీదున్న డ్రైవర్‌కు ఇనవడ్తలేదు. గంతేనా?"

"గంతే ముత్తన్నా. నాకంటె నువ్వే మంచిగ చెప్పినవ్."

"గంట బాగు చేస్తరా మరి?"

"చేసే పద్ధతి ఉంది. కసరత్తు చేయించేటోళ్లు వేరే ఉన్నరు, వాళ్ల దగ్గరికి పంపుత. చానమందికి తగ్గుతది. అందరికీ అని మాటియ్య."

అప్పుడు బాపు నా వైపు తిరిగాడు. "వీడియో ఏంది బిడ్డా?"

ఫోన్ ఇచ్చాను. నోటితో చెప్పడం చేతకాక ఇచ్చాను. బాపు కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. మంచం, గోడ, గురక, ముడుచుకున్న కాలు. తిడతాడనుకున్నాను. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండు అని కూడా అనుకున్నాను.

"ఇంకోపారి పెట్టు" అన్నాడు.

పెట్టాను. రెండోసారి ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఏ బాలవ్వా, ఇటు రా, సూడు. నా కాలు సూడు. గోక్కుంటుంది సూడు, ఎట్ల గోక్కుంటుందో!" ఎనిమిది నెలలుగా నవ్వని మనిషి నవ్వుతున్నాడు. నేను నాటకానికి రుజువనుకుని దాచుకున్న వీడియోలో ఆయన తన కాలును చూసుకున్నాడు. దాన్ని ఎందుకు తీశానని అడగాలన్న ధ్యాస కూడా ఆయనకు రాలేదు. మూడోసారి పెట్టమన్నాడు. నాకు గోడకు తల కొట్టుకోవాలనిపించింది.

అవ్వ మాత్రం వీడియో చూడలేదు. ఆమె కళ్లు డాక్టర్ చేతిలోని కలం మీద ఉన్నాయి.

"మేడం, కాయితం మీద ఏమని రాస్తరు?"

"ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అని రాస్త. అంటే నరం తెగలే, ఎముక ఇరగలే, పని ఆగింది."

"గది నరాలదా, మెంటలా?"

మా అవ్వకు అక్షరం ముక్క రాదు. అడగాల్సిన ప్రశ్న మాత్రం అదొక్కటే, అదే అడిగింది. డాక్టర్ కలం పక్కన పెట్టింది.

"గిది తేలక మా డాక్టర్లే నూరేండ్ల సంది కొట్లాడుతున్నరవ్వా. ముందుగాల దీన్ని హిస్టీరియా అన్నరు. ఆడోళ్ల జబ్బు అని, సగం తిట్టు లెక్క వాడిన్రు. తర్వాత కన్వర్షన్ అన్నరు. మనసుల ఏదో దిగులు, మనాది ఉంటది, అది కాలుకు దిగుతది అని. గా మనాది దొరికేదాక మనిషిని తవ్వెటోళ్లు."

"ఈయనకు ఏం మనాది లేదు మేడం! నేను ఏం తక్కువ చేసిన?" అంది అవ్వ. కాలనీలో ఆడవాళ్లంతా ఆమెను అడిగింది ఇదే. ఇంట్లో కొట్లాటలున్నాయా, మీ ఆయనకు ఏం రంధి అని. ఆమె వాళ్లకు చెప్పాల్సిన జవాబు పాపం డాక్టర్‌కు చెప్తోంది.

"లేకపోవచ్చు. ఉండాలని ఇప్పుడు పుస్తకంల గూడ లేదు. ఇంకో షరతు గూడ ఉండె. గీ జబ్బు అని రాయాలంటె, మనిషి నటిస్తలేడని డాక్టర్ ముందుగాల తేల్చుకోవాలె. షుగర్ ఉన్నోన్ని నటిస్తున్నవా అని అడుగుతమా? వీళ్లను అడిగెటోళ్లం. అమెరికా డాక్టర్ల పుస్తకంల గా రెండు షరతులు తీసేసి పదేండ్లు దాటింది. ఇప్పుడు గిట్ల మడమ కింద చెయ్యి పెట్టి గుర్తు పట్టుడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలనైతే దీన్ని మనసు జబ్బుల పాఠంల రాసిన్రు, నరాల జబ్బుల పాఠంల గూడ పేరు పెట్టిన్రు. రెండు తానల ఉంది."

"గట్లైతె నరాలది అని ఒక్కటే రాయుండ్రి మేడం. నీ కాళ్లు మొక్కుత. రెండోది రాయకుండ్రి."

"రాసేది ఒకటే పేరు అవ్వా. బోర్డుల అడిగితె మాత్రం రెండు తానల ఉందనే చెప్పాలె. మనసు జబ్బయితె మాత్రం ఏం తప్పు?"

"నీకేం తప్పు లేదు మేడం. మాకుంది." అవ్వ స్టూలు మీంచి లేచింది. "కొండగట్టు మీద, అంజన్న గుడి కాడ, పదకొండు పొద్దులు పండబెట్టిన ఈయనను. జమ్మికుంటల మా చెల్లె ఇంటికి పోయినమని అందరికి చెప్పిన. చెల్లెకు గూడ గదే చెప్పుమన్న. అయినా తెలిసింది. గుట్ట మీద పండితె ఏమంటరో ఎర్కేనా నీకు? పిచ్చి లేసింది అంటరు. యాక్టింగ్ చేస్తుండు అంటె అననియ్యుండ్రి, గది జర నయం. యాక్టింగ్ చేసెటోడు తెలివిగల్లోడు. పిచ్చోడంటె ఇంటిల్లిపాదికి అంటుతది."

బాపు మొహం మీది నవ్వు పోయింది. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి, "నయమా బాలవ్వా?" అన్నాడు. "అయిదు నెలల సంది దొంగ అంటుంటె పడ్డ. గది నయమని నువ్వనుకుంటున్నవా?"

అవ్వ ఏడుపు మొదలుపెట్టింది. నేను ఏడవలేదు. ఏడ్చే హక్కు కూడా నాకు లేదు. అవ్వ ఆ మాట ఇవాళ నోటితో అంది. నేను అయిదు నెలల కిందే చేసి పెట్టాను.

చెప్తానన్నాను కదా, అవ్వ ఆ బోర్డు చదివించుకున్న సంగతి. అయిదు నెలల కింద ఎవరో చెబితే ఈ ఆసుపత్రికే వచ్చాం. మూడో మెట్టు మీద అవ్వ ఆగి, "ఏం రాసుంది చదువు" అంది. చదివాను. మానసిక అనే మాట వినగానే బాపు చెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పింది. డాక్టర్‌ను చూడనే లేదు, మూడు మెట్లెక్కి మూడు మెట్లు దిగాం. ఆ మూడో మెట్టు మీద మమ్మల్ని కావ్య చూసింది. మా క్వార్టర్ల వరసలోనే ఉంటుంది, నాతో పదో తరగతిదాకా చదివింది. సాయంత్రానికి ఫోన్‌లో మెసేజ్ పెట్టింది. 'అంకుల్‌కు ఏమైందే? మెంటల్ డాక్టర్ దగ్గర కనిపించిన్రు' అని.

నాకు ఒళ్లంతా మంటపుట్టింది. రేపు పొద్దున కాలనీ నల్లా దగ్గర ఈ మాటే మోగుతుందనిపించింది. అంతకు పది రోజుల ముందే ఆ వీడియో తీసి దాచుకున్నాను. దాన్ని కావ్యకు పంపాను. కింద నవ్వే బొమ్మలు రెండు పెట్టి, 'ఏం కాలే. బాపుది యాక్టింగ్. అన్‌ఫిట్ కోసం. ఎవలకు చెప్పకు' అని రాశాను. కావ్యను చెప్పకు అంటే చెప్పకుండా ఉంటుందా? ఉంటుందని నేను మాత్రం నిజంగా అనుకున్నానా?

ఇంకా లోపలిది కూడా చెప్పేస్తాను, సగం చెప్పి ఆపితే అది మళ్లీ అబద్ధమే. ఆ వీడియో తీసిన రోజు నాకు బాపు మీద కోపం రాలేదు. గర్వంగా అనిపించింది. నా నౌకరి కోసం ఇంత నాటకం ఆడుతున్నాడు, మా బాపు గట్టోడు అనుకున్నాను. ఆయన రోగాన్ని నా మీది ప్రేమ అనుకుని మురిసిపోయాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

డాక్టర్ కాయితం రాయడం మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూ తలెత్తకుండానే అంది, "ఇంకో మాట ముందే చెప్తున్న. ఇది తగ్గే జబ్బు. ఎప్పటికీ ఏ పనికి పనికిరాడు అని నేను రాయ. ఆరు నెలలు కసరత్తు, ఆనక మళ్లీ చూడాలె అని రాస్త."

నా నౌకరి ఆ ఒక్క వాక్యంలో పోయింది. బాపుకు తగ్గుతుందని డాక్టర్ చెప్తుంటే నేను ఆ పోయిన జీతమే లెక్కపెట్టుకున్నాను. సంతోషపడాల్సిన చోట లెక్కపెడుతున్నానని నాకు తెలుసు. అవ్వ కూడా నా వైపు చూసింది. ఆ చూపును తప్పించుకుని కిటికీ బయటికి చూశాను.

బాపు మాత్రం, "రాయుండ్రి మేడం" అన్నాడు. "రెండు పాఠాల పేర్లు చెప్పుండ్రి. పిచ్చి అంటె అననియ్యుండ్రి. దొంగ అని మాత్రం అనొద్దు. బిడ్డ చదువుకుంది, దాని నౌకరి అది తెచ్చుకుంటది."

కాయితం తీసుకుని బయటి గదిలో బెంచీ మీద కూర్చున్నాం. అవ్వ మందుల దుకాణానికి కిందికి దిగింది. కొంగు నెత్తి మీంచి జారింది, సర్దుకోలేదు. బాపు కాయితాన్ని మడిచి అంగీ జేబులో పెట్టుకుని, ఏదో తేలిక పడ్డ మనిషిలా కుడికాలును చేత్తో నిమిరాడు.

"దేవదాస్‌కు ఫోన్ కలుపు బిడ్డా."

"ఇప్పుడెందుకు బాపూ?"

"కలుపు. వాడు ఏ పూటనన్న మనింటికి వచ్చినప్పుడు, నేను పండుకున్నప్పుడు, నా కాలు కదిలింది చూసి ఉంటడు. నాకే ఎర్కలేదు, వానికేం ఎర్క? చూసిందే చెప్పిండు. నేను నలుగుర్ల వాని ఇజ్జత్ తీసిన. మాఫ్ చేస్తున్న అని చెప్పాలె."

మాఫ్ చేస్తాడట. ఏ తప్పూ చెయ్యని మనిషిని, చేసిన నా ఫోన్‌లోంచి మాఫ్ చేస్తాడట. నేను నంబరు నొక్కలేదు. బాపు నా మొహం చూసి, "సిగ్నల్ లేదా?" అన్నాడు. ఉంది. నిండుగా ఉంది. కలిపాను. స్పీకర్ పెట్టమన్నాడు, పెట్టాను.

"దేవదాసూ, నేను ముత్తన్నను."

"చెప్పు అన్నా" అని వచ్చింది అవతలినుంచి. అయిదు నెలల తర్వాత ఆ గొంతు వినేసరికి బాపు కళ్లు తుడుచుకున్నాడు.

"డాక్టర్ తాన ఉన్న. నాది నాటకం కాదని తేలింది. నువ్వు చూసింది నిజమే, నా కాలు నాకు తెలవకుండ కదులుతది. నువ్వన్న మాట మీద నాకు కోపం లేదురా. మాఫ్ చేస్తున్న. నువ్వు గూడ నన్ను మాఫ్ చెయ్యి."

నేనన్లేదు అని కాక అంటాడనుకున్నాను. అనాలని మొక్కుకున్నాను. అంటాడేమోనని భయపడ్డాను కూడా.

"సరె తియ్ అన్నా" అన్నాడు కాక. "గిప్పుడెట్లుంది కాలు? ... సృజన పక్కనుందా? జర బిడ్డకియ్యి, స్పీకర్ తీసి."

ఫోన్ చెవికి పెట్టుకున్నాను.

"బిడ్డా, నేను చెప్త ఇను, నువ్వేం మాట్లాడకు. నువ్వు పెట్టిన మెసేజ్ మా ఇంట్ల గూడ వచ్చింది, అయిదు నెలల కిందనే. నవ్వే బొమ్మలతోటి. తండ్రి మీద బిడ్డ గట్ల రాసిందని నీ బాపుకు తెలిస్తె తట్టుకోడని, నా మీదనే ఏసుకున్న. ఫికర్ లేదు. గాని గా వీడియో ఇప్పుడు బోర్డు డాక్టర్ల తానకు గూడ పోయిందట. మాట పుట్టించింది నేనే అని అందరనుకుంటున్నరు గద, ఎవలు తీసిన్రని మంగళారం నన్నడుగుతరు. నేను తీసిన అని చెప్పాల్నా? చెప్పుమంటె చెప్త. నువ్వే చెప్పు."

చాయ్ హోటల్ ముందు తువ్వాల దులుపుకున్న మనిషి కనిపించాడు. ఆ రోజు నేను క్వార్టర్ అరుగు మీద నిలబడి చూశాను. చూసి లోపలికి వెళ్లి అన్నం తిన్నాను.

"ఏమంటుండు బిడ్డా?" బాపు బెంచీ మీద ముందుకు వంగి, చిన్నగా నవ్వుతూ అడుగుతున్నాడు. "కోపం పోయిందటనా?"

నేను బెంచీ మీంచి లేచి, బాపు ముందర నేల మీద కూర్చున్నాను. ఎందుకో తెలియదు, చెయ్యి దానంతట అదే ఆయన కుడి మడమ మీదికి పోయింది. పక్కన ఎదురుచూస్తున్న ఇద్దరు ముగ్గురు చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

"కాక అనలే బాపూ. గా మాట పుట్టించింది నేను. వీడియో తీసింది నేను, నీది యాక్టింగ్ అని రాసింది నేను, కావ్యకు పంపింది నేను. కాకకు ఎర్కుండి నా కోసం మీదేసుకున్నడు."

బాపు నవ్వు వెంటనే పోలేదు. కాసేపు మొహం మీదే నిలిచి ఉంది. తర్వాత ఆయన రెండు చేతులతో తన కుడికాలును పట్టుకుని, ఎత్తి, నా చేతి కిందినుంచి పక్కకు జరుపుకున్నాడు.

ఫోన్‌లో కాక "ముత్తన్నా, ముత్తన్నా" అని పిలుస్తూనే ఉన్నాడు. బాపు నా వైపు చూడకుండా ఫోన్ కోసం చెయ్యి చాపాడు.